హోస్ట్ డౌన్ అంటోంది, పింగ్ మాత్రం వెళ్తోంది: పాత నాస్ బాక్సు ఉబుంటులో మౌంట్ కాకపోతే

ముందు మీ సంగతి నాకు అర్థమైనంతలో చెబుతాను, తప్పైతే సరిదిద్దండి. విశాఖ డాబా గార్డెన్స్‌లో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే షాపు. ఫొటోలన్నీ పదేళ్లు దాటిన ఒక నాస్ బాక్సులో, అంటే నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ వాడుకునే డిస్కు పెట్టెలో ఉన్నాయి. విండోస్ 7 మెషీన్లు దాన్ని ఇప్పటికీ హాయిగా తెరుస్తున్నాయి. ఫొటోలు ఏరడానికి, బ్యాకప్‌కి అని కొత్తగా ఒక మెషీన్ కొని ఉబుంటు 22.04 వేశారు. అందులో నాస్ ఫోల్డరుని మౌంట్ చేయబోతే, అంటే తగిలించబోతే, ఎర్రర్ 112, హోస్ట్ ఈజ్ డౌన్. పింగ్ మాత్రం శుభ్రంగా వెళ్తోంది. ఎవరో వెర్స్=1.0 (వి-ఇ-ఆర్-ఎస్, బాక్సుతో ఏ వెర్షన్ భాషలో మాట్లాడాలో చెప్పే ఆప్షన్) పెట్టమంటే పెట్టారు, ఎర్రర్ 13 వచ్చింది, పర్మిషన్ డినైడ్. ఇంకెవరో సెక్=ఎన్‌టీఎల్ఎమ్ (పాస్‌వర్డు ఏ పద్ధతిలో సరిచూడాలో చెప్పే ఆప్షన్) కలపమన్నారు, ఇప్పుడు ఎర్రర్ 22, ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్. ముహూర్తాలు నెత్తిమీద ఉన్నాయి, మూడు ఆల్బమ్‌లు ఆగిపోయాయి. ఇంతే కదా?

ఒక మాట. తెలుగు కీబోర్డు మీద రాస్తున్నాను కాబట్టి కమాండ్లు కూడా పలికినట్టే రాస్తాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోవాలి. అనుమానం వచ్చే చోట అక్షరాలు విడగొట్టి చెబుతాను.

మీకు వచ్చిన మూడు ఎర్రర్లూ మూడు వేరు వేరు గుమ్మాల దగ్గర వచ్చినవి. ఎంవీపీ కాలనీలో చుట్టాల అపార్ట్‌మెంటుకి వెళ్లారనుకోండి. వీధి దొరకాలి, గేటు తీసి ఉండాలి, వాచ్‌మన్‌కి మన భాష అర్థం కావాలి, చెప్పిన పేరు నమ్మాలి, ఆ తర్వాత మనం అడిగిన ఫ్లాటు ఆ బిల్డింగులో ఉండాలి. పింగ్ వెళ్లిందంటే వీధి దొరికిందని మాత్రమే. 112 మీకు భాష దగ్గర వచ్చింది, 13 పేరు చెప్పే దగ్గర వచ్చింది. అంటే 112 నుంచి 13కి మారినప్పుడు మీరు ఒక గుమ్మం ముందుకెళ్లారు. అక్కడ ఆగి 13 సంగతి తేల్చుకోవాల్సింది పోయి, ఇంకో ఆప్షన్ తగిలించి మళ్లీ వీధి చివరికి వచ్చేశారు.

మౌంట్ కమాండు చెప్పే వాక్యాన్ని నమ్మకండి. కెర్నెల్, అంటే ఉబుంటు లోపలి గుండెకాయ, ఇచ్చిన ఒక అంకెకి అది అర్థం చెబుతుంది, అంతే. ఆ అర్థాలు అన్ని అవసరాలకీ కలిపి ఎప్పుడో రాసినవి. అసలు కారణం కెర్నెల్ లాగ్‌లో ఉంటుంది. ఎర్రర్ కింద రెండో లైన్లో కెర్నెల్ లాగ్ చూడమని అదే చెబుతుంది కూడా. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఆ రెండో లైను చదివి నాకు ఫోన్ చేసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. మౌంట్ ఫెయిలైన వెంటనే సుడో పెట్టి డి-ఎం-ఇ-ఎస్-జి కొట్టి, చివరి పది లైన్లు చూడండి. అందులో సీఐఎఫ్ఎస్ (ఇలాంటి షేర్లను మౌంట్ చేసే కెర్నెల్ మాడ్యూలు) అని మొదలయ్యే లైన్లే మనకి కావాల్సినవి.

మీ 112కి ఆ లాగ్‌లో ఏం ఉంటుందో చూడకుండానే చెప్పగలను. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే భాష పేరు ఎస్ఎంబీ, దాని ఒక్కో వెర్షనూ ఒక్కో డయలెక్టు. మౌంట్‌లో ఏ డయలెక్టూ చెప్పలేదు, డిఫాల్ట్ ఇప్పుడు ఎస్ఎంబీ 2.1 లేదా ఆ పైది, పాత సర్వర్లకైతే వెర్స్=1.0 అని చెప్పుకోండి అని పెద్ద వాక్యం ఉంటుంది. ఎందుకంటే, 2017లో వచ్చిన 4.13 కెర్నెల్ దాకా లినక్స్ ఎవరితోనైనా ముందు ఎస్ఎంబీ 1లోనే మాట్లాడేది. ఆ ఏడాది మే నెలలో వానాక్రై వచ్చి ప్రపంచమంతా విండోస్ మెషీన్లను తాళం వేసింది గుర్తుందా? అది పాకింది ఎస్ఎంబీ 1లో ఉన్న బొక్కలోంచే. ఆ తర్వాత అందరూ దాన్ని వదిలించుకున్నారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేటు కొత్తగా వేసిన మెషీన్లలో దాన్ని చాలావరకు తీసేసింది. 2019లో సాంబా (లినక్స్ మెషీన్ల నుంచి ఎస్ఎంబీలో ఫైళ్లు పంచే సాఫ్ట్‌వేర్) 4.11 కూడా డిఫాల్ట్‌గా ఆపేసింది. మీ నాస్‌కి వచ్చింది ఆ ఒక్క భాషే. ఉబుంటు కొత్త భాషలో పలకరిస్తే బాక్సు బదులు చెప్పకుండా కనెక్షన్ తెంచేస్తోంది. కెర్నెల్ దాన్ని హోస్ట్ పోయింది అని అనువదిస్తోంది. విండోస్ 7కి రెండు భాషలూ వచ్చు కాబట్టి దానికి ఏ ఇబ్బందీ లేదు.

కాబట్టి వెర్స్=1.0 సలహా ఇచ్చినవాళ్లు మిమ్మల్ని తప్పుదారి పట్టించలేదు. దాని మంచిచెడ్డలు తర్వాత చెబుతాను.

ఇక 13. ఇక్కడ మీ ప్రశ్నే జవాబు చెప్పేసింది. కమాండు మొత్తం కాపీ చేసి పెట్టారు, పాస్‌వర్డుతో సహా! ముందు ఆ పాస్‌వర్డు మార్చండి. మార్చేస్తారు కాబట్టి ఇక్కడ రాయడానికి మొహమాటపడను: పాస్‌వర్డ్=ఆల్బమ్$2019. మధ్యలో డాలరు గుర్తు ఉంది కదా. టెర్మినల్‌లో డాలరు తర్వాత 2 వస్తే షెల్, అంటే మీరు కొట్టిన కమాండుని చదివేది, దాన్ని రెండో ఆర్గ్యుమెంటు అనుకుంటుంది. అలాంటిదేమీ లేదు కాబట్టి $2 ఉన్నచోట ఖాళీ పెడుతుంది. మిగిలేది ఆల్బమ్019. మీరు సరైన పాస్‌వర్డే కొట్టారు, బాక్సుకి వెళ్లింది వేరేది. విండోస్‌లో అదే పాస్‌వర్డు పని చేస్తోంది కదా అని మీరు పాస్‌వర్డుని అనుమానించలేదు. నిజం చూసుకోవాలంటే ఎకో అని కొట్టి పక్కన ఆ పాస్‌వర్డు పెట్టి ఎంటర్ నొక్కండి, కళ్లముందే కనబడుతుంది.

ఒంటి కోట్స్‌లో పెడితే డాలరు బతుకుతుంది, కామా ఉంటే మాత్రం బతకదు. మౌంట్ ఆప్షన్లను విడగొట్టేది కామాయే కాబట్టి పాస్‌వర్డు అక్కడే తెగిపోతుంది. అందుకే కమాండ్ లైన్లో పాస్‌వర్డు రాయడమే మానేయండి. పైగా అది హిస్టరీలో ఉండిపోతుంది. రూట్ హోమ్ డైరెక్టరీలో చిన్న ఫైలు పెట్టి అందులో మూడు లైన్లు రాయండి: యూజర్‌నేమ్=, పాస్‌వర్డ్=, అవసరమైతే డొమైన్=. ఈక్వల్ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలకండి. ఫైలుకి సీహెచ్‌మోడ్ 600 ఇచ్చి, మౌంట్‌లో క్రెడెన్షియల్స్= అని ఆ ఫైలు దారి చెప్పండి. డాలరు, కామా ఏవున్నా దాని జోలికి ఎవరూ రారు.

ఆ ఫైలు విండోస్ నోట్‌ప్యాడ్‌లో చేసి పెన్‌డ్రైవ్‌లో తేకండి. విండోస్ ప్రతి లైను చివరా కనబడని ఒక అక్షరం అదనంగా పెడుతుంది, అది పాస్‌వర్డు తోకకి అంటుకుని మళ్లీ 13 వస్తుంది. సీతమ్మధారలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో నేను దీనితో ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను. క్యాట్ మైనస్ పెద్ద ఏ పెట్టి చూస్తే లైను చివర డాలరు ముందు టోపీ గుర్తు, ఎమ్ కనబడ్డాయి. కనబడ్డాక నవ్వొచ్చింది, అప్పటిదాకా ఏడుపే.

పాస్‌వర్డు సరిచేశాక కూడా 13 వస్తే లాగ్‌లో స్టేటస్ కోడ్ చూడండి. చివర 6డి ఉండి లాగాన్ ఫెయిల్యూర్ అంటే పేరో పాస్‌వర్డో తప్పు. 22తో ముగిసి యాక్సెస్ డినైడ్ అంటే పేరూ పాస్‌వర్డూ ఒప్పుకుంది, ఆ ఫోల్డరు మీద ఈ యూజర్‌కి హక్కు లేదు. నాస్ వెబ్ పేజీలోకి వెళ్లి ఇవ్వాలి. 71 అయితే పాస్‌వర్డు గడువు తీరింది, 234 అయితే తప్పు పాస్‌వర్డులు ఎక్కువై ఖాతా లాక్ అయింది. వీటిలో చాలావాటికి మౌంట్ చెప్పేది అదే పర్మిషన్ డినైడ్. అవతలిది నాస్ కాకుండా విండోస్ 10 లేదా 11 మెషీన్ అయితే ఇంకో తిరకాసు ఉంది. లాగిన్‌కి కొట్టే నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదు, అసలు పాస్‌వర్డే కావాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో వాడుతుంటే ఆ ఖాతా పాస్‌వర్డు. అవతలిది మీరే పెట్టుకున్న సాంబా అయితే, ఆ మెషీన్లో యూజర్ ఉన్నంత మాత్రాన చాలదు, ఎస్-ఎం-బి-పి-ఎ-ఎస్-ఎస్-డబ్ల్యూ-డి మైనస్ ఏ తో సాంబాకి విడిగా చేర్చాలి.

22 గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. సెక్=ఎన్‌టీఎల్ఎమ్ అనే ఆప్షన్ని 5.15 కెర్నెల్ నుంచి తీసేశారు. 22.04తో మొదట వచ్చింది సరిగ్గా అదే కెర్నెల్. లేని ఆప్షన్ అడిగారు కాబట్టి ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అంది, బాక్సు దాకా వెళ్లనేలేదు. తీసేయండి. ఆ సలహా 2018లో ఎవరో రాసింది అయి ఉంటుంది, అప్పటికి పనిచేసేది. లినక్స్ సలహాలకి మందు సీసాల్లాగా ఎక్స్‌పైరీ తేదీ వేస్తే బాగుణ్ణు.

అయితే ఒక చిక్కు. మీ బాక్సు మరీ పాతదై, పాస్‌వర్డు సరిచూసే పద్ధతి కూడా మొదటి రకం ఎన్‌టీఎల్ఎమ్ ఒక్కటే తెలిసినదైతే, 22.04 నుంచి దానికి దారి లేదు. సరైన పాస్‌వర్డుతో, వెర్స్=1.0తో, సెక్ లేకుండా ఒకసారి చూడండి. అప్పుడు కూడా లాగాన్ ఫెయిల్యూర్ అంటే ఆ బాక్సుకి అదే జబ్బు ఉండొచ్చు.

మౌంట్ అయినా కాకపోయినా ఈ ఆదివారం ఒక పని చేయండి. నాస్ సెట్టింగ్స్‌లో ఎస్ఎంబీ 2 అనే టిక్ ఎక్కడైనా ఉందేమో వెతకండి. నాస్‌ల లోపల చాలావరకు సాంబాయే ఉంటుంది, సాంబాకి ఎస్ఎంబీ 2 వచ్చింది 2011లో, 3.6తో. తయారీవాళ్లు ఫర్మ్‌వేర్‌లో ఇచ్చి కూడా డిఫాల్ట్‌గా ఆపేసి ఉంచిన బాక్సులు నేనే చూశాను. ఆ టిక్ పెడితే వెర్స్=1.0 అవసరమే ఉండదు. అయితే 3.6 సాంబాకి వచ్చింది ఎస్ఎంబీ 2.0 మాత్రమే, ఉబుంటు డిఫాల్ట్ 2.1 నుంచి మొదలు, కాబట్టి వెర్స్ లేకుండా మళ్లీ 112 వస్తే వెర్స్=2.0 పెట్టండి. టిక్ లేదు, కొత్త ఫర్మ్‌వేరూ లేదు అంటే, వెర్స్=1.0 ఫొటోలు బయటికి తీసుకోవడానికి వాడండి, కాపురం చేయడానికి కాదు. కస్టమర్లు పెన్‌డ్రైవ్‌లు పట్టుకొచ్చే షాపు మీది. ఒక్క మెషీనుకి వైరస్ అంటితే ఆ బాక్సు దాకా పాకడానికి ఎంతోసేపు పట్టదు. విండోస్ 7 మెషీన్లకీ అదే మాట. ఫొటోలన్నీ కొత్త మెషీన్లోకి కాపీ చేసి, దాని మీదే సాంబా పెట్టి షాపు మొత్తానికీ అదే ఇస్తే నాస్‌కి రిటైర్‌మెంట్ ఇచ్చేయొచ్చు. పదేళ్లు తిరిగిన హార్డ్‌డిస్కుల మీద జనాల పెళ్లిళ్లు ఉంచుకుని మీకు నిద్రెలా పడుతోందో!

మౌంట్ అయ్యాక మీరు మళ్లీ వచ్చి అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు, ఇప్పుడే చెప్పేస్తాను. ఫోల్డరు తెరుచుకుంటుంది గానీ సేవ్ కాదు, రూట్‌కి తప్ప. సుడోతో మౌంట్ చేశారు కాబట్టి ఫైళ్లన్నీ రూట్ పేరు మీద కనబడతాయి. సీహెచ్‌మోడ్ కొట్టి కొట్టి విసిగిపోకండి, ఇలాంటి మౌంట్ మీద దానికి పెద్దగా విలువ లేదు. యూఐడీ=1000, జీఐడీ=1000 (యూజర్ నంబరు, గ్రూపు నంబరు) అని మౌంట్ ఆప్షన్లలోనే చెప్పాలి. ఉబుంటు వేసినప్పుడు పెట్టిన మొదటి యూజర్‌కి మామూలుగా 1000 ఉంటుంది, ఐడీ అని కొడితే తేలిపోతుంది.

రెండోది మన తెలుగువాళ్ల ప్రత్యేక కష్టం. ఫోల్డర్ల పేర్లు తెలుగులో పెట్టారనుకోండి, వరలక్ష్మి పెళ్లి, మంగళస్నానం అని. అవి వరసగా ప్రశ్న గుర్తుల్లా కనబడితే ఐఓక్యారెక్టర్‌సెట్ ఆప్షన్ యూటీఎఫ్8 అని ఇవ్వాలి. ఆప్షన్ పేరు ఐ-ఓ-సి-హెచ్-ఎ-ఆర్-ఎస్-ఇ-టి, కలిపి రాయాలి. అది ఇచ్చాక ఎర్రర్ 79 వచ్చి, షేర్డ్ లైబ్రరీ ఏదో దొరకలేదంటే లైబ్రరీల కోసం వెతకొద్దు. ఆ అక్షరాల మాడ్యూల్ మీ కెర్నెల్‌తో రాలేదు, అంతే. క్లౌడ్ సర్వర్లలో వేసే సన్నపాటి ఉబుంటు కెర్నెళ్లలో ఇది మామూలే. మీ కెర్నెల్ వెర్షనుకి సరిపోయే లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ప్యాకేజీ వేసుకుంటే పోతుంది. ఎర్రర్ 19, నో సచ్ డివైస్ కూడా ఈ కుటుంబానిదే. సీఐఎఫ్ఎస్ మాడ్యూలే దొరకలేదని అర్థం, కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక రీబూట్ చేయకపోయినా వస్తుంది. ఇక రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్ అని భయపెట్టే వాక్యం వస్తే డిస్కు పోయిందని గుండె పట్టుకోకండి. సీఐఎఫ్ఎస్-యుటిల్స్ ప్యాకేజీ వేయడం మర్చిపోయారు, అంతకుమించి ఏమీ లేదు.

బూట్ అవ్వగానే దానంతటదే మౌంట్ కావాలంటే ఎఫ్ఎస్‌టాబ్ (ఎఫ్-ఎస్-టి-ఎ-బి, ఏమేం మౌంట్ చేయాలో రాసుండే ఫైలు) లో లైను రాయాలి. షేరు పేరులో ఖాళీ ఉంటే అక్కడ ఖాళీ కొట్టకూడదు, వెనక్కి వాలిన గీత పెట్టి 040 రాయాలి. ఆప్షన్లలో నోఫెయిల్, ఇంకా ఎక్స్-సిస్టమ్‌డి.ఆటోమౌంట్ తప్పకుండా పెట్టండి. లేకపోతే నాస్ ఆపి ఉన్న రోజున మీ మెషీన్ దాని కోసం ఎదురుచూస్తూ బూట్ మధ్యలో కూర్చుండిపోవచ్చు. షాపు తెరిచే టైముకి కస్టమర్ ఎదురుగా ఉండగా అది చూడటం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రాశాక రీబూట్ చేసి చూడొద్దు, మౌంట్ మైనస్ ఏ కొట్టి చూడండి, తప్పుంటే అక్కడే తిడుతుంది.

నాస్ ఐపీని రూటర్‌లో రిజర్వ్ చేసి పెట్టారా? కరెంటు పోయి వచ్చినప్పుడు రూటర్ ఇంకో ఐపీ ఇస్తే, నిన్నటిదాకా నడిచిన లైను ఇవాళ ఎర్రర్ 113 అంటుంది, నో రూట్ టు హోస్ట్. 111 అయితే బాక్సు ఉంది గానీ దానిలో షేరింగ్ సర్వీసు నడవడం లేదు. 115, ఆపరేషన్ నౌ ఇన్ ప్రోగ్రెస్ అంటే పని జరుగుతోందని కాదు, 445 పోర్టు నుంచి జవాబే రాలేదని. మధ్యలో ఫైర్‌వాలో, ఇంకేదో మింగేస్తోంది. ఎన్‌సీ మైనస్ జెడ్‌వీ, ఐపీ, 445 అని కొడితే గేటు తెరిచుందో లేదో ఒక్క సెకనులో తేలుతుంది. నేనైతే ఎవరి దగ్గరికెళ్లినా ముందు కొట్టేది అదే.

ఇంకేదో అన్నాను కదా, ఆ ఇంకేదో మన ఊళ్లో ఎలా ఉంటుందో చెబుతాను. పెదవాల్తేరులో సముద్రం వైపు ఒక ఆఫీసు. పొద్దున 112, మధ్యాహ్నం బాగుంటుంది, సాయంత్రం 115. రెండు రోజులు వెర్స్ 2.0, 2.1, 3.0 అన్నీ తిప్పి తిప్పి చూశాను. మూడో రోజు కేబుల్ లాగితే క్లిప్పు చేతిలోకి ఊడొచ్చింది, లోపల పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఉప్పుగాలి. కిటికీ పక్కనే స్విచ్ పెట్టారు మహానుభావులు. రెండు కొత్త కనెక్టర్లు క్రింప్ చేస్తే తీరిపోయింది. ఎర్రర్ నంబరు పూటకొకటిగా మారుతుంటే సాఫ్ట్‌వేర్ వదిలేసి వైరు చూడండి. సెట్టింగ్ తప్పయితే ప్రతిసారీ ఒకేలా తప్పవుతుంది.

చివర్లో ఎన్ఎఫ్ఎస్ (ఎస్ఎంబీ బదులు లినక్స్ లోకంలో ఫైళ్లు పంచుకునే ఇంకో పద్ధతి) పెట్టుకుంటే ఈ గొడవలుండవా అని అడిగారు. ఈ గొడవలుండవు, దాని గొడవలు దానికున్నాయి. మీ విండోస్ 7 హోమ్ ఎడిషన్ అయితే దానికి ఎన్ఎఫ్ఎస్ క్లయింటే లేదు, కాబట్టి షాపు మొత్తానికి అది కుదరదు. ఉబుంటు ఒక్కదానికే, నాస్‌లో ఆ సౌకర్యం ఉంటే, ఎస్ఎంబీ 1 తప్పించుకోవడానికి పనికొస్తుంది. అక్కడ అడిగేది పేరూ పాస్‌వర్డూ కాదు, మీ మెషీన్ ఐపీ. యాక్సెస్ డినైడ్ బై సర్వర్ అంటే నాస్ జాబితాలో మీ ఐపీ లేదని, లేదా దారి తప్పు రాశారని. ఎస్ఎంబీలో షేరు పేరు చాలు, ఎన్ఎఫ్ఎస్‌లో నాస్ లోపలి పూర్తి దారి రాయాలి. షోమౌంట్ మైనస్ ఈ కొట్టి అది చూపించిందే అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఫైళ్ల హక్కు కూడా యూజర్ పేరుతో కాదు, యూఐడీ అంకెతో చూస్తుంది. అందుకే మీ పేరుతో పెట్టిన ఫైలు అవతల ఇంకెవరిదో అయి కూర్చుంటుంది. రూట్‌గా రాస్తే నోబడీ పేరు మీద పడుతుంది.

ఎన్ఎఫ్ఎస్ సర్వర్ మీరే పెట్టుకుంటే, ఏ ఫోల్డరు ఏ ఐపీకి ఇవ్వాలో రాసే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో ఐపీకీ ఆ పక్కన బ్రాకెట్‌కీ మధ్య ఖాళీ వదలొద్దు. ఒక్క ఖాళీ వదిలితే ఆ బ్రాకెట్‌లో ఉన్న రాసే హక్కు ఊరందరికీ ఇచ్చినట్టే, మీరు అనుకున్న మెషీన్‌కి మాత్రం చదివే హక్కే మిగులుతుంది. తలకిందులుగా పనిచేస్తుందన్నమాట. మార్చాక ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ మైనస్ ఆర్‌ఏ కొట్టాలి. ఇంకొకటి, ఎన్ఎఫ్ఎస్ సర్వర్ మధ్యలో పోతే ఎర్రర్ ఇవ్వదు, తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తూ ఉంటుంది. డిస్కులో ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ కొట్టినా టెర్మినల్ బిగుసుకుపోతుంది. యూమౌంట్ మైనస్ ఎల్ కొడితే వదులుతుంది.

ఇప్పటికి ఇలా చేయండి. పాస్‌వర్డు మార్చి క్రెడెన్షియల్స్ ఫైల్లో పెట్టండి, సెక్ తీసేయండి, వెర్స్=1.0 ఉంచండి, యూఐడీ, యూటీఎఫ్8 కలపండి, కొట్టండి. మీ ఆల్బమ్‌లు మూడూ రాత్రికి బయటికొస్తాయనే నా నమ్మకం. రాకపోతే డి-ఎం-ఇ-ఎస్-జి చివరి పది లైన్లు, నాస్ మోడల్ నంబరు పంపండి. ఈసారి పాస్‌వర్డు చెరిపేసి.